విషయం తేలకపోతే కొంతమందికి వెంటనే మనుషుల మీద అనుమానం ఎందుకొస్తుంది?

మా నాన్న సంగతి చెప్తాను. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర ఊరు, ఉద్దానం అంటే తెలుసు కదా, కొబ్బరి, జీడి, కిడ్నీ జబ్బు. షుగర్, బీపీ లేని కూలి మనుషులకి కూడా కిడ్నీలు పోతాయి, నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనన్నారు, ఇన్నేళ్ళైనా ఇదీ కారణం అని గట్టిగా తేల్లేదు. నాన్నకి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతినేకొద్దీ పెరిగే అంకె) 2.1 వచ్చినప్పుడు డాక్టరూ అదే అన్నారు, ఎందుకొచ్చిందో చెప్పలేం, పెరక్కుండా చూసుకోండి అని.

జబ్బు కంటే ఆ "చెప్పలేం" ఎక్కువ గుచ్చుకుంది ఆయనకి. పది రోజులు బోరుని తిట్టాడు, కానీ బోరు ఊరందరిదీ, మరి నాకే ఎందుకు అన్నది మిగిలిపోయింది, దాంతో మా చిన్నాన్న మీదకి పోయాడు (జీడితోట గట్టు తగాదా ఉందిలెండి, పాతది). "ఆడే చిల్లంగి పెట్టించినాడు." చేతబడి అన్నమాట. పిన్ని ఎప్పట్లా మజ్జిగ పంపితే మూత తీసి వాసన చూసి, అమ్మ చూడకుండా అరటి మొదట్లో పోసేసేవాడు. విచిత్రం ఏంటంటే అప్పట్నుంచే ఆయనకి నిద్ర పట్టింది!

1988లో ఇంగ్లండ్‌లో పూసలతో ఒక పరీక్ష చేశారు. రెండు జాడీలు, ఒకదాంట్లో ఒక రంగువి 85 పాళ్ళు, ఇంకో రంగువి 15, రెండోదాంట్లో తిరగేసి. ఒక్కో పూస తీసి చూపిస్తుంటే ఏ జాడీలోవో నమ్మకం కుదిరాక చెప్పాలి. లేనిపోని భ్రమలతో బాధపడేవాళ్ళు మిగతావాళ్ళకంటే ముందే తేల్చేశారట. నాన్నకి ఆ జబ్బు లేదు గానీ ఆయనా రెండో పూసకే ఆగిపోయిన మనిషే, బస్సు అరగంట లేటైనా ఎవడో కావాలనే ఆపించాడంటాడు.

నేను చేసిన తప్పు వాదించడం. చిల్లంగీ లేదు గిల్లంగీ లేదు అన్నానని "నిన్నూ తిప్పేసినాడా ఆడు" అని నాతో వారం మాట్లాడలేదు. అమ్మ వేరే రకం, "తెలిసినప్పుడు తెలుస్తాదిలే" అనేసి టెస్టు చేయించిన ప్రతిసారీ అంకె కేలండర్ మీద రాసేది, 2.1, 2.2, మళ్ళీ 2.1. ఎందుకొచ్చిందో తెలీకపోయినా ఎక్కడుందో తెలుస్తోంది కదా, నాన్న రోజూ పొద్దున్నే వెళ్ళి అది చూసుకోవడం మొదలెట్టాడు, చిన్నాన్న మాట తగ్గింది.

పోయిందని అనను. మొన్న కూడా గిన్నె చూసి "ఇదెవులు పంపినారు?" అన్నాడు. పిన్ని అని చెప్పాను. కాసేపు అలాగే పట్టుకుని, సగం తాగాడు.