రాత్రంతా లినక్స్ అంటూ కూర్చుంటున్నాడు, ఏఐ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మాది పలాస. అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. రాత్రిళ్లు లినక్స్ డ్రైవర్లలో మెమరీ తప్పులు దిద్దుతున్నానంటాడు. పైసా రాదు, పంపినవి రెండుసార్లు వెనక్కి వచ్చాయి. మా బావమరిది కూతురు హైదరాబాద్‌లో ఏఐ కోర్సు చేస్తోంది. రెండింటిలో ఏది మేలు?

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, కోర్సు పేరే మారుతుంది. అప్పుడు జావా, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. మీ టెన్షన్ కోర్సు గురించి కాదు. ఇన్నేళ్లు ఫీజు కట్టాక కొడుకు ఖాళీగా ఉండిపోతాడేమోనని. ఆ భయం న్యాయమైనదే.

మీ అబ్బాయి చేస్తున్న పని వినండి. లినక్స్ అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునే, ఎవరైనా దిద్దుబాట్లు పంపగలిగే ఆపరేటింగ్ సిస్టమ్. ఇంట్లో శుభకార్యానికి షామియానా, వంటపాత్రలు, కుర్చీలు వరసగా అద్దెకు తెచ్చారు. ఇంతలో కార్యం ఆగిపోయింది. తెచ్చినవన్నీ ఎవరివి వాళ్లకు చేర్చాలి కదా? డ్రైవర్ అంటే కంప్యూటర్‌లో ఒక పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్. అది కూడా పరికరాన్ని మొదలుపెట్టేటప్పుడు మెమరీ ఒక్కొక్కటిగా తీసుకుంటుంది. మధ్యలో ఏదైనా విఫలమైతే, చివర తీసుకున్నదానితో మొదలుపెట్టి అన్నీ తిరిగి ఇవ్వాలి. ఒకటి మరిచిపోతే మెమరీ లీక్, అంటే ఆ మెమరీ ఎవరికీ పనికిరాకుండా ఉండిపోతుంది. ఇచ్చేసినదాన్నే మళ్లీ వాడితే సిస్టమ్ కుప్పకూలవచ్చు, హ్యాకర్లకు దారి కూడా దొరకవచ్చు. పరికరం విఫలమైతే తప్ప ఆ కోడ్ నడవదు కాబట్టి మామూలు టెస్టింగ్‌లో ఇవి బయటపడవు.

పైకి చిన్నగా కనిపిస్తుంది గానీ సూక్ష్మం ఉంది. పరికరాన్ని నమోదు చేసే డివైస్_రిజిస్టర్ ఫంక్షన్ విఫలమైతే ఆ మెమరీని కేఫ్రీతో నేరుగా వదిలేయకూడదు, నా పట్టు వదిలానని చెప్పే పుట్_డివైస్ పిలవాలి. దాన్ని ఎవరెవరు పట్టుకుని ఉన్నారో కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, లెక్క పెట్టుకుంటుంది, ఆ లెక్క సున్నా అయ్యాకే మెమరీ వదలాలి. ఇలాంటి తప్పులు తగ్గించడానికి 2007లోనే, తీసుకున్నవి వాటంతటవే తిరిగి ఇచ్చే డెవ్ఎమ్ ఫంక్షన్లు తెచ్చారు, 2022 డిసెంబరులో లినక్స్ 6.1 వెర్షన్‌తో, మెమరీ తప్పులను ముందే పట్టుకునే రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకూ చోటిచ్చారు. అయినా దిద్దాల్సినవి మిగిలే ఉన్నాయి. ప్యాచ్, అంటే మీవాడు పంపే దిద్దుబాటు, వెనక్కి వచ్చిందంటే ఫెయిలైనట్టు కాదండీ. మార్చి మళ్లీ పంపమనడం అక్కడ రోజూ జరిగేదే.

ఇక ఏఐ. చదువుగా మంచిదే, కానీ మూడు నెలల కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా ముట్టుకోకుండా, ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ లైబ్రరీ వాడటం నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. బ్యాచ్ అందరి రెజ్యూమెలోనూ అదే ప్రాజెక్టు. అప్పు చేసి మరీ అందులోకి తోయకండి. అన్నం తినేటప్పుడు ఆ అమ్మాయి పేరు ఎత్తడం ఇవాళే మానండి. చేస్తున్న పని ఏమిటని ఒక్కసారైనా అడిగారా?

ఒక మాట దాచను. డ్రైవర్ ఉద్యోగాలు వెబ్ ఉద్యోగాలంత ఎక్కువ ఉండవు. చాలావరకు బెంగళూరు, హైదరాబాద్‌లలోని చిప్, పరికరాల కంపెనీల్లోనే. ప్యాచ్ ఉన్నంత మాత్రాన క్యాంపస్ రాతపరీక్ష తప్పదు, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. కానీ సీ భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్ ఇంత లోతుగా తెలిసినవాడు ఇంటర్వ్యూలో తడబడడు.

పన్నెండు దాటితే లాప్‌టాప్ మూయించండి. ఈసారి ప్యాచ్ పంపేటప్పుడు పక్కన కూర్చుని ఆ ఈమెయిల్ చూపించమనండి. సైన్డ్ ఆఫ్ బై అని, పంపినవాళ్లు సంతకంలా పేరు రాసేచోట మీవాడి పేరు ఉంటుంది.