రెండు లక్షలతో కిరాయి పోర్షన్ విలువ పెరుగుతుందా?

ప్రశ్న: అల్వాల్‌లో మాకు 150 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లుంది, కట్టి 22 ఏళ్లయింది. పైపోర్షన్ కిరాయికి ఇచ్చాం. అమ్మాయి చదువు కోసం ఇంటి మీద లోన్ తీసుకుంటున్నాం. ఇంటి విలువ కట్టే బ్యాంకు వాల్యూయర్ వచ్చేలోపు పైపోర్షన్ బాగుచేయిద్దామని 2 లక్షలు పక్కన పెట్టాం. మా మరిది ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ చేయించమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ రెండూ వద్దండీ. వాల్యూయర్ మామూలుగా స్థలానికి ఒక రేటు కడతారు, కట్టడానికైతే ఇప్పుడు కడితే ఎంతవుతుందో చూసి అందులోంచి వయసు కింద తరుగు తీసేస్తారు. స్థలం రేటు మీ చేతిలో లేదు. ఇల్లు ఇంకా ఎన్నేళ్లు గట్టిగా నిలుస్తుందని ఆయనకు అనిపిస్తుందో, కిరాయి ఎంత వస్తుందో, మీరు మార్చగలిగేది అంతే.

అందుకే ముందు లీకేజీలు చూడండి. పై బాత్రూమ్ కింద మీ సీలింగ్‌కి చెమ్మ మరకలున్నాయా? నహానీ ట్రాప్‌ను (బాత్రూమ్ నేలలో నీళ్లు బయటికి పోయే రంధ్రం) గుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలబెట్టండి. కింద తడి వస్తే టైల్స్ సందులు, ట్రాప్ చుట్టూ బాగుచేయించాలి; అప్పుడు రాకుండా మామూలు రోజుల్లో వస్తుంటే మాత్రం గోడలోని పైపుల్ని అనుమానించండి, పాత జీఐ (ఇనుప) పైపులైతే సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులకు మార్పించడమే మేలు. స్లాబు పెచ్చులూడి ఊచలు తేలిన చోట ఉత్త సిమెంటు పూయించి వదిలేయకండి, వదులైన కాంక్రీటు కొట్టేసి, తుప్పు గీకి, ఊచలకు పూత వేశాకే పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు మాలు) పెట్టించాలి. అన్నీ బాగా ఆరాకే పుట్టీ, రంగులు. మా ఇంట్లో తొందరపడి చెమ్మ గోడకే పుట్టీ పెట్టిస్తే ఒక్క వానాకాలానికే పొక్కులు లేచి ఊడిపోయింది, ఆ ఖర్చు రెండోసారి పెట్టుకున్నాం.

తర్వాత కరెంటు. పాత ఫ్యూజులు తీసేసి ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే ఆగే స్విచ్‌లు), కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించండి. విలువ పైసా పెరగకపోయినా ఇది చేయించాల్సిందే, కిరాయికున్నవాళ్ల ప్రాణాల సంగతి.

కిచెన్‌కి గ్రానైట్ గట్టు, స్టీలు సింకు, కిటికీలకు దోమల జాలీ చాలు. టెర్రస్ మీద రేకుల గది లాంటిదేమైనా ఉంటే దానికి రూపాయి పెట్టకండి, శాంక్షన్ ప్లాన్‌లో (మున్సిపాలిటీ అనుమతిచ్చిన ప్లాన్) లేనిదాన్ని బ్యాంకులు సాధారణంగా లెక్కలోకి తీసుకోవు.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కిరాయి నుంచి మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం ఎలాగూ మినహాయిస్తారు, రిపేరు బిల్లులు చూపించినా ట్యాక్స్ అంతకంటే తగ్గదు. అయినా పైపుల మార్పు లాంటి పెద్ద పనుల బిల్లులు దాచుకోండి, రేపు ఇల్లు అమ్మితే లాభం లెక్కకు పనికి రావచ్చు.

వాల్యూయర్ వచ్చే రోజుకి శాంక్షన్ ప్లాన్, పన్ను రసీదు, రెంటల్ అగ్రిమెంట్ ఒకే ఫైల్లో పెట్టుకోండి. పైవాళ్లకు రెండ్రోజుల ముందే చెప్పండి, తాళం వేసుకుని ఊరెళ్తే మీరు చేయించిన పనేదీ ఆయన చూడలేరు.