మనసు నిలవడం లేదా? ముందు ఆ చూర్ణం సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 36. ఏడాదిగా హైపోథైరాయిడ్‌కు (థైరాయిడ్ హార్మోన్ తక్కువ కావడం) మాత్ర వేసుకుంటున్నాను. నీరసం తగ్గుతుందని వీడియోలో చూసి నాలుగు నెలలుగా అశ్వగంధ చూర్ణం తీసుకుంటున్నాను. రెండు నెలలుగా మనసు ఒకచోట నిలవడం లేదు. ఊరికే టెన్షన్, గుండె దడ. రాత్రి 2 గంటలకు మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. బ్రాహ్మి కూడా కలిపి వాడితే కుదుటపడుతుందా? ఆయుర్వేదం ప్రకారం దినచర్య ఎలా ఉండాలి?

జవాబు: బ్రాహ్మి మాట తర్వాత. మీరు రాసినదాంట్లో నాకు కంగారు పుట్టించింది థైరాయిడ్ మాత్రతో పాటు వాడుతున్న అశ్వగంధ. అది కొందరిలో థైరాయిడ్ హార్మోన్‌ను పెంచుతుంది. మాత్రకు అదీ తోడైతే హార్మోన్ అవసరానికి మించవచ్చు. అప్పుడు కనిపించేవి దడ, చేతుల వణుకు, నిద్రలేమి, కారణం లేని ఆందోళన. వీటిలో మీరు రాసిన దడ, నిద్రలేమి, టెన్షన్ చూర్ణం మొదలుపెట్టాకే వచ్చాయి, గమనించారా? చూడకుండా అదే కారణమని నేను చెప్పలేను. కానీ తేల్చుకోవాల్సిందే.

ముందు చూర్ణం ఆపండి. థైరాయిడ్ మాత్రను మాత్రం సొంతంగా ఆపొద్దు, తగ్గించొద్దు. ఈ వారంలోనే ఆ మాత్ర రాసిన డాక్టర్‌ను కలవండి. థైరాయిడ్ ఎలా ఉందో చెప్పే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రక్తపరీక్షలు, హిమోగ్లోబిన్ పరీక్ష అవసరం కావచ్చు. వెళ్లేటప్పుడు చూర్ణం డబ్బా పట్టుకెళ్లండి. ఏ మందులు వాడుతున్నారని అడిగితే చాలామంది మాత్రల చీటీ చూపిస్తారు, చూర్ణం ఊసే ఎత్తరు. అదీ మందేనమ్మా! అశ్వగంధ నేనూ రాస్తాను. అయితే గర్భిణులకు రాయను. థైరాయిడ్, లివర్ జబ్బులున్నవారికీ, నిద్రమాత్రలు వాడేవారికీ ఆచితూచి వ్యవహరిస్తాను. దీనివల్ల లివర్ దెబ్బతిన్న కేసులు అరుదుగానైనా ఉన్నాయి. వీడియోలో చెప్పినాయనకు మీ థైరాయిడ్ సంగతి తెలియదు కదా.

ఇక దినచర్య. మనసు చంచలం కావడాన్ని ఆయుర్వేదం వాతం (ఒంట్లో కదలికలను నడిపే దోషం), రజోగుణం (మనసును పరుగులు పెట్టించే గుణం) పెరగడంగా చూస్తుంది. వాతాన్ని అణచేది క్రమం. రోజూ ఒకే వేళకు లేవడం, ఒకే వేళకు తినడం, ఒకే వేళకు పడుకోవడం. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ వద్దు. తాగిన కెఫీన్‌లో సగం దాదాపు 5 గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

పడుకునే ముందు పాదాభ్యంగం చేసి చూడండి. ఒక్కో పాదానికి చెంచాడు గోరువెచ్చని నువ్వుల నూనె చాలు. మంచం అంచున కూర్చుని, బొటనవేలితో మడమ నుంచి వేళ్ల దాకా నెమ్మదిగా నొక్కుతూ రాయాలి. వేళ్ల సందుల్లోనూ రాయాలి. ఐదు నిమిషాలయ్యాక బట్టతో తుడిచేయండి, లేకపోతే కాలు జారుతుంది. ఆ ఐదు నిమిషాలూ ఫోన్ పక్క గదిలో ఉండాలి. రాత్రి మెలకువ వస్తే టైమ్ చూడొద్దు.

బ్రాహ్మి ఇవ్వాలో వద్దో రిపోర్టులు చూశాక మీ వైద్యులు చెబుతారు. ఈలోగా ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, కదలకుండా కూర్చున్నా తగ్గని దడ, బతకాలని లేదనే ఆలోచన, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఒంటరిగా వెళ్లొద్దు, ఇంట్లోవాళ్లను తోడు తీసుకెళ్లండి.