మంచునీళ్ల తొట్టి ఎక్కడుంది?

మీ అబ్బాయిని ఫుట్‌బాల్ ఆడటానికి చేర్చాలని చూసొచ్చిన రెండు కాలేజీలవి, నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి మా ఆయనా నేనూ కూర్చుని చూశాం, తమ్ముడూ. మొదటి కాలేజీవి పన్నెండు ఫొటోలు. తోలు సోఫాలు, గోడ పొడవునా టీవీలు, క్షవరానికి ప్రత్యేకంగా ఒక గది, లాకర్ల మీద వెలిగే అక్షరాల్లో ఆటగాళ్ల పేర్లు. రెండో కాలేజీవి రెండే రెండు, అందులో ఒకదానికి నీ వేలు అడ్డం వచ్చింది. నీ మనసు ఎటు మొగ్గిందో నువ్వు అడగకముందే తెలిసిపోయింది.

"అక్కా, వసతులు బాగున్నచోటే కదా చేర్చాలి?" అన్నావు. చేర్చాలి. కానీ ఏ వసతి ఎవరి కోసం కట్టారో ముందు తేల్చుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కాలేజీలో స్టేడియం చూసేవాళ్ల కోసం, శిక్షణ భవనం చేరబోయేవాళ్లను ఆకట్టుకోవడం కోసం కడతారు. చేరిపోయిన పిల్లవాడికి రోజూ పనికొచ్చేవి ఈ రెండింటి సందుల్లో ఎక్కడో ఉంటాయి. వాటిని ఫొటో తీయాలని ఎవరికీ అనిపించదు.

స్టేడియం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నేనూ దానికే పడిపోయాను. మేం మిషిగన్ వచ్చిన కొత్తలో మా ఆయన ఆఫీసులో ఒకాయన ఆనార్బర్ ఊళ్లో మిషిగన్ యూనివర్సిటీ మ్యాచ్‌కు రెండు టికెట్లు ఇచ్చారు. లక్ష మంది పట్టే స్టేడియం అంటే మైలు దూరం నుంచే కొండలా కనిపిస్తుందనుకున్నాను. దగ్గరికి వెళ్తే, అప్పటికి దాని చుట్టూ ఉన్నది ఒక మోస్తరు ఇటుక గోడ. ఇదేనా అనుకుంటూ గేటు దాటి నాలుగు అడుగులు వేశానో లేదో, కాళ్ల కింద నుంచి నేల దిగిపోయింది. మన పాత దిగుడుబావి గట్టున నిలబడి తొంగి చూసినట్టు వరస కింద వరస, అట్టడుగున పచ్చటి నీళ్లలా మైదానం. 1927లో నేలను తవ్వి కట్టారు దాన్ని. ఇప్పుడు 1,07,601 మంది పడతారు. ఊరి జనాభాయేమో లక్షా ఇరవై నాలుగు వేలు. ఆ 1,07,601లో చివరి ఒకటీ ఫ్రిట్జ్ క్రిస్లర్ అనే పాత కోచ్ గౌరవార్థం కలిపిన సీటు. అది ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పరు.

అంత పెద్ద స్టేడియంలో కూర్చునేది దేని మీదనుకున్నావు? అల్యూమినియం బల్ల మీద. వీపుకు ఆనుడు ఉండదు, గీత గీసి అంకె వేసిన చోటే నీ సీటు. నవంబరులో కోట్లు తొడుక్కున్న ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఇరుక్కుంటే ఆ గీత ఎవరి కింద ఉందో దేవుడికే తెలియాలి. చలి పైనుంచి రాదు, పాదాల కింది కాంక్రీటు నుంచి ఎక్కుతుంది. ఆ రోజు మా ముందు వరసలో ఒక ముసలాయన చంకలో పెట్టుకొచ్చిన అట్టపెట్టెను మడత విప్పి కాళ్ల కింద పరిచాడు. నా బూట్ల వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా అందులో సగం చించి ఇచ్చాడు.

ఇలాంటి స్టేడియాల గొప్పతనం సిమెంటులో కంటే జనంలో ఉంది. లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) టైగర్ స్టేడియంలో 1988లో ఆబర్న్ జట్టు మీద ఆఖరి నిమిషాల్లో టచ్‌డౌన్ (బంతిని అవతలి కొస గీత దాటించడం) పడితే, ఆ అరుపుకు క్యాంపస్‌లోని భూకంప లేఖిని కదిలింది. 1930ల్లో ఆ స్టేడియం మెట్ల కిందే విద్యార్థులకు హాస్టల్ గదులు కట్టారు. హాస్టల్ డబ్బుతో స్టేడియం పెరిగిందన్నమాట. ఎవరి సొమ్ముతో ఎవరి సోకు అన్నది అక్కడా పాత ప్రశ్నే. ఇదంతా చూడటానికి బాగుంటుంది. మనవాడు అక్కడ ఆడేది ఏడాదికి ఆరేడు శనివారాలు. మిగతా రోజులన్నీ శిక్షణ భవనంలోనే.

ఇక ఆ తోలు సోఫాల కథ. కాలేజీ ఆటగాళ్లకు జీతం ఇవ్వకూడదన్నది 2025 దాకా ఇక్కడ దశాబ్దాలపాటు ఉన్న నియమం. టికెట్ల డబ్బు, టీవీ డబ్బు, పూర్వ విద్యార్థుల విరాళాలు వరదలా వస్తాయి, ఆడేవాడి చేతిలో పెట్టడానికి మాత్రం వీలుండేది కాదు. ఆ డబ్బంతా గోడలకు ఎక్కింది. మన కార్పొరేట్ కాలేజీలు ర్యాంకుల ఫ్లెక్సీలతో తల్లిదండ్రులను లాగినట్టు, వీళ్లు చలువరాతితో పదిహేడేళ్ల కుర్రాళ్లను లాగుతారు. సౌత్ కరొలైనాలోని క్లెమ్సన్ 2017లో 5.5 కోట్ల డాలర్లతో కట్టిన భవనంలో జారుడుబల్ల ఉంది, బౌలింగ్ ఆట ఉంది, చిన్న గోల్ఫ్ కూడా ఉంది. ఆ పాటికి క్లెమ్సన్ జాతీయ విజేత, సందేహం లేదు. కానీ 2016 సీజన్ టైటిల్ గెలిచింది జారుడుబల్ల రాకముందు.

షికాగో పక్కన నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ 2018లో 27 కోట్ల డాలర్లతో మిషిగన్ సరస్సు ఒడ్డున శిక్షణ భవనం తెరిచింది. అద్దాల గోడలు, అవతల నీలిరంగు నీళ్లు. అదే యూనివర్సిటీకి అప్పుడున్న స్టేడియం 1926 నాటిది, బిగ్ టెన్ అనే కాలేజీ జట్ల కూటమిలో అన్నిటికంటే చిన్నది. మరి అద్దాల భవనం వచ్చాక ఏమయింది? మొదటి ఏడాది బాగానే ఆడారు. 2022లో పన్నెండు మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచారు. ఆ ఒక్కటీ ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో! అమెరికా గడ్డ మీద ఒక్క గెలుపూ లేదు. సరస్సు తప్పేమీ కాదనుకో.

ఇప్పుడు అసలు మాట. మా పెద్దవాడు చదువుకునే రోజుల్లో ఒక కాలేజీ జట్టు ఫిజియో గదిలో విద్యార్థి సహాయకుడిగా చేశాడు. కాలేజీల శిక్షణ గదులు చూసే పద్ధతి నాకు నేర్పింది వాడే. లోపలికి వెళ్లగానే "అమ్మా, మంచునీళ్ల తొట్టి ఎక్కడుందో చూడు" అంటాడు. 2018 మే నెలలో మేరీలాండ్ యూనివర్సిటీలో జోర్డన్ మెక్‌నేర్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు సాధనలో పరుగులు తీస్తూ వడదెబ్బతో కుప్పకూలాడు. ఒళ్లు కాలిపోతుంటే చల్లటి నీళ్లలో ముంచడం దానికి తెలిసిన చికిత్స. ముంచలేదు. రెండు వారాలకు ఆసుపత్రిలో చనిపోయాడు. తప్పు తమదేనని యూనివర్సిటీ అధ్యక్షుడే ఒప్పుకున్నారు. అంతకుముందు ఏడాదే అక్కడ పాత బాస్కెట్‌బాల్ భవనాన్ని మార్చి, పూర్తి నిడివి మైదానంతో లోపలే సాధన చేసుకునే హాలు తెరిచారు. హాలు ఉంది, తొట్టిలో ముంచే చెయ్యి లేదు.

కాబట్టి ఆ కాలేజీకి మళ్లీ వెళ్లినప్పుడు టీవీల గది వదిలేసి అడుగు: వేసవి సాధన రోజుల్లో తొట్టి నింపి మైదానం పక్కనే పెడతారా? పిల్లవాడి ఒంట్లో బాగాలేదని ఫిజియో అంటే, కోచ్ ఆడించాలన్నా సరే, ఎవరి మాట నెగ్గుతుంది? ఫిజియో కోచ్ చేతి కింద పనిచేస్తాడా, వైద్యుడి కిందా? ఈ ప్రశ్నకు ఎదుటివాడు తడుముకున్నాడంటే సోఫా ఎంత మెత్తగా ఉన్నా లేచి వచ్చేయ్.

మనవాడు కిక్కరు, అంటే జట్టులో బంతిని తన్నేవాడు, కనుక ఇంకో రెండు. హాలు కప్పు ఎత్తు చూడండి. తక్కువ ఎత్తు హాళ్లలో గట్టిగా తన్నిన బంతి దూలానికి తగిలి కింద పడుతుంది. అక్కడ చలికాలమంతా సాధన చేస్తే బంతిని కిందగా తన్నడం అలవాటైపోతుంది. రెండోది గడ్డి. ఆనార్బర్‌లో ఉన్నది కృత్రిమ గడ్డి, పెన్ స్టేట్ యూనివర్సిటీ స్టేడియంలో సహజమైనది. సాధన చేసే నేలా మ్యాచ్ ఆడే నేలా ఒకటేనా అని అడగండి. ఆనించి నిలబడే కాలు జారిందంటే తన్నే కాలు ఎంత బలమైనదైనా లాభం లేదు.

2025 జులై నుంచి లెక్కలు మారాయి. కోర్టులో కుదిరిన ఒప్పందం ప్రకారం కాలేజీలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. దానితోపాటే, ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ఫుట్‌బాల్ జట్టుకు 105 మంది అన్న హద్దు వచ్చింది. స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో జట్టులో చేరే పిల్లలకు, ముఖ్యంగా కిక్కర్లకు, దీనితో చోటు ఇరుకైంది. "మా జట్టులోకి తీసుకుంటాం" అన్న కోచ్‌ను ఆ 105లో మావాడున్నాడా అని సూటిగా అడుగు. మొహమాటపడకు.

డబ్బు మాట వచ్చింది కనుక, వాడు హెచ్-4 మీద, అంటే మీ హెచ్-1బీని ఆనుకుని వచ్చిన వీసా మీద, ఉన్నాడని మరిచిపోవద్దు. ఆటగాళ్లు తమ పేరూ ఫొటో వాడుకోనిచ్చి సంపాదించుకోవడం 2021 నుంచి మామూలైంది. ఆ నియమం కాలేజీ క్రీడా సంఘానిది, వీసాది కాదు. పిజ్జా దుకాణంవాళ్లు ప్రకటనకు రెండు వందల డాలర్లు ఇస్తామన్నా, ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా తీసుకోకూడదు. ఇరవై ఒకటి నిండితే హెచ్-4 చెల్లదు, విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. అది రెండో ఏడాదో మూడో ఏడాదో వస్తుంది, సరిగ్గా సీజన్ మధ్యలో. కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం చురుగ్గా ఉందో లేదో చూడటం కూడా నా లెక్కలో క్రీడా వసతే.

ఇక మీ చిన్నది అడిగిందన్నావే, "స్టేడియం లేని యూనివర్సిటీ మంచిది కాదా పెద్దమ్మా" అని. దానికి చెప్పు: మన తెలుగు పిల్లలు అంతమంది చదివే యూటీ డల్లాస్‌కు ఫుట్‌బాల్ జట్టే లేదు. ఒక్కసారీ ఓడిపోలేదని టీ షర్టుల మీద రాసుకుని నవ్వుకుంటారు. యూటీ ఆర్లింగ్టన్ 1985లో, బోస్టన్‌లో నార్త్‌ఈస్టర్న్ 2009లో జట్లను ఎత్తేశాయి. షికాగో యూనివర్సిటీ 1939లోనే పెద్ద ఫుట్‌బాల్‌కు స్వస్తి చెప్పింది. ఖాళీ అయిన స్టేడియం మెట్ల కింద, స్క్వాష్ ఆడే గదిలో, 1942 డిసెంబరు 2న భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ బృందం ప్రపంచంలో మొదటి అణు రియాక్టరును నడిపింది. మీ చిన్నది ఏ కాలేజీలో చేరినా ఫీజు చీటీలో అథ్లెటిక్స్ పేరుతో విడిగా ఒక గీత ఉందేమో చూసుకోమను. చాలా చిన్న యూనివర్సిటీలు జట్టు ఖర్చును అలా ప్రతి విద్యార్థి మీదా వేస్తాయి, మ్యాచ్ మొహం చూడనివాళ్ల మీద కూడా.

వచ్చే నెల వస్తామన్నారు కదా. శుక్రవారం రాత్రి హోటల్ ధర చూసి గుండె ఆగిపోతుంది, మా ఇంట్లోనే దిగండి. మ్యాచ్ రోజు కారు మా స్నేహితుల వాకిట్లో పెట్టుకుందాం. స్టేడియంలోకి ఏ సంచులు తేనిస్తారో ఆ నియమం ముందే చూసుకోండి. పులిహోర డబ్బా గేటు దగ్గర వెనక్కి పంపితే, కారు డిక్కీ మీద పెట్టుకుని తిని వెళ్లిన అనుభవం నాకుంది. అట్టపెట్టెలు మా గరాజులో నాలుగున్నాయి, విప్పి పెట్టి ఉంచుతాను.