అమెరికాలో యూరప్ తరహా వైద్యం వస్తే పన్నులు, క్యూలు పెరుగుతాయా? రెండు చోట్లా ఉన్న అనుభవంతో

"యూరప్‌లోలాగా అమెరికాలోనూ అందరికీ వైద్యం అంటే పన్నులు తడిసి మోపెడవుతాయి, ఆపరేషన్‌కి నెలల తరబడి క్యూలో ఉండాలి అంటారు. రెండు చోట్లా ఉన్నవాళ్లు నిజం చెప్పండి" అని అడిగారు. నేను కొన్నేళ్లు జర్మనీలో ఉద్యోగం చేసి, తర్వాత కుటుంబంతో అమెరికా వచ్చాను. కాబట్టి చెప్పడానికి కొంత సరుకుంది.

అసలు "యూరప్ పద్ధతి" అంటూ ఒకటి లేదు. బ్రిటన్‌లో 1948 జులై 5న మొదలైన ఎన్‌హెచ్‌ఎస్ అనే జాతీయ వైద్య సేవ పన్నుల డబ్బుతో నడుస్తుంది, ఆసుపత్రులు చాలావరకు ప్రభుత్వానివే. జర్మనీలో అలా కాదు. ఛాన్సలర్ బిస్మార్క్ హయాంలో 1883లో తెచ్చిన చట్టం దగ్గర్నుంచి అక్కడ ఉన్నది బీమా పద్ధతి. క్రాంకెన్‌కాసె అనే బీమా నిధులు పదుల సంఖ్యలో ఉంటాయి, మనకి నచ్చినదాంట్లో చేరవచ్చు. స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్‌లో అయితే బీమా ఇచ్చేవి ప్రైవేట్ కంపెనీలే. అమెరికాలో ఈ ఊసెత్తితే చాలు "సోషలిజం" అంటూ విరుచుకుపడతారు గానీ, స్విట్జర్లాండ్‌ని సోషలిస్టు దేశం అనాలంటే చాలా ధైర్యం కావాలి.

ఇన్ని తేడాలున్నా ఈ బీమా దేశాలన్నిట్లో రెండు సంగతులు మాత్రం మారవు. ప్రాథమిక బీమా అందరికీ తప్పనిసరి, పాత జబ్బుందని ఎవర్నీ కాదనడానికి లేదు. రెండోది, ఏ వైద్యానికి ఎంత అన్నది చాలావరకు ముందే తేల్చేస్తారు. నా అనుభవంలో అసలు కిటుకు ఈ రెండో దాంట్లోనే ఉంది.

జర్మనీలో ఉండగా నాకు అపెండిసైటిస్ వచ్చింది. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్తే, రిసెప్షన్‌లో ఆవిడ నా బీమా కార్డు మెషిన్లో పెట్టి తీసి ఇచ్చేసింది. డబ్బు సంగతి అక్కడితో సరి. ఆపరేషన్ చేశారు, కొన్నాళ్లు ఉంచుకున్నారు, పంపేశారు. తర్వాత ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది: ఆసుపత్రిలో ఉన్నందుకు రోజుకి 10 యూరోలు కట్టమని. అది కూడా ఏడాదికి 28 రోజుల వరకే, ఆ పైన ఎన్నాళ్లున్నా అడగరు. ఆ ఆపరేషన్ ఖర్చు ఎంతో నాకు ఈ రోజుకీ తెలియదు.

అమెరికా వచ్చాక మా చిన్నవాడి మోచెయ్యి పట్టు జారింది. ఆటల్లో చెయ్యి పట్టుకుని లాగితే చిన్నపిల్లలకి తరచుగా జరిగేదే. ఎమర్జెన్సీలో డాక్టర్ చెయ్యి పట్టుకుని ఒక్కసారి తిప్పారు, అంతే, కాసేపటికి వాడు అదే చేత్తో బొమ్మ తీసుకున్నాడు. ఆ తర్వాత కవర్లు మొదలయ్యాయి. ఆసుపత్రి నుంచి ఒకటి, డాక్టర్ల గ్రూపు నుంచి విడిగా ఇంకొకటి, మధ్యలో ఇన్సూరెన్స్ నుంచి ఈవోబీ అనే లెక్కల కాగితం, దాని మీద పెద్ద అక్షరాలతో "ఇది బిల్లు కాదు" అని. లోపల మూడు వరసలు: ఆసుపత్రి అడిగింది, కంపెనీ ఒప్పుకున్నది, మేం కట్టాల్సింది. దేనికీ దేనికీ పొంతన లేదు. డిడక్టబుల్, అంటే బీమా కంపెనీ కట్టడం మొదలెట్టేలోపు ఏటా మనం కట్టుకోవాల్సిన మొత్తం, ఇంకా పూర్తికాలేదు కాబట్టి దాదాపు మొత్తం మా నెత్తినే పడింది. ఫోన్ చేసి అడిగితే వాళ్లు వీళ్లని అడగమన్నారు, వీళ్లు వాళ్లని అడగమన్నారు. ఇంతా చేసి మాది మంచి ఇన్సూరెన్సే అని ఆఫీసులో అందరూ అనేవాళ్లు!

ఇక పన్నుల మాట. జర్మనీలో ప్రతి నెలా జీతంలో వైద్య బీమా కోత బాగానే కనిపిస్తుంది. మూల వంతు జీతంలో 14.6 శాతం, దాని మీద ఒక్కో నిధి వేసే అదనపు వంతు. ఇందులో సగం ఉద్యోగి, సగం యజమాని కడతారు. ఉద్యోగం లేని భార్యకో భర్తకో, పిల్లలకో విడిగా ఏమీ కట్టక్కర్లేదు. మొదటి పే స్లిప్ చూసుకున్నప్పుడు గుండె గుభేలుమన్న మాట నిజమే. అమెరికాలో ఆ కోత కనిపించదు గానీ ఉంటుంది. 2024లో ఆఫీసు ద్వారా వచ్చే కుటుంబ బీమా ప్రీమియం సగటున 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతం నుంచి తీసేది 6,296 డాలర్లు, మిగతాది కంపెనీ కడుతుంది. కంపెనీ కట్టేది కూడా మనకి జీతంగా రావాల్సిన డబ్బేనన్నది చాలామంది ఆర్థికవేత్తలు చెప్పే మాట. దానికి తోడు డిడక్టబుల్, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా కట్టే కోపే. దీన్ని పన్ను అని పిలవరు, అంతే తేడా. దేశం మొత్తం లెక్క చూస్తే, 2023లో అమెరికా జీడీపీలో 17.6 శాతం వైద్యానికే పోయింది. జర్మనీలో అది 12 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అంత ఖర్చుపెట్టీ అమెరికాలో రెండు కోట్ల యాభై లక్షల మందికి పైగా బీమా లేకుండా ఉన్నారు.

క్యూల విషయంలో మీరు విన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ వెయిటింగ్ లిస్టు 70 లక్షలు దాటింది. జర్మనీలో చర్మం డాక్టర్‌కి ఫోన్ చేస్తే మొదట అడిగేది "ప్రభుత్వ బీమానా, ప్రైవేటా" అని. ప్రైవేట్ వాళ్లకి ఈ వారమే దొరికే అపాయింట్‌మెంట్ మాకు వచ్చే నెలకి దొరికేది. నాకు అది ఒళ్లు మండించేది, ఇప్పటికీ అది ఆ పద్ధతిలో లోపమే అంటాను. కానీ ఎమర్జెన్సీలో ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. అమెరికాలోనూ కొత్త పేషెంటుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాలంటే నెలలు పట్టడం చూశాను. పైగా డబ్బుకి భయపడి డాక్టర్ దగ్గరికే వెళ్లనివాళ్లు ఏ క్యూ లెక్కలోనూ కనిపించరు.

అమెరికా పద్ధతిలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది బీమాని ఉద్యోగానికి కట్టేయడం. ఇదేమీ ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి చేస్తే, కంపెనీలు మనుషుల్ని ఆకర్షించడానికి బీమా ఇవ్వడం మొదలెట్టాయి. తర్వాత దానికి పన్ను మినహాయింపు వచ్చింది, అలా పాతుకుపోయింది. ఇప్పుడు లేఆఫ్ అయితే జీతంతో పాటు బీమా కూడా పోతుంది. నా స్నేహితుడికి అదే జరిగింది, భార్యకి అప్పుడు ఏడో నెల. కోబ్రా అనే చట్టం కింద పాత బీమానే కొనసాగించవచ్చు, కానీ కంపెనీ వాటాతో సహా మొత్తం ప్రీమియం, పైన 2 శాతం, మనమే కట్టాలి. హెచ్‌1బీ వాళ్లకి అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలన్న టెన్షన్ ఎటూ ఉండనే ఉంటుంది. జర్మనీలో నిరుద్యోగ భృతి తీసుకున్నంత కాలం ఆ బీమా డబ్బు ఉపాధి కార్యాలయమే కడుతుంది. జేబులో కార్డు కూడా మారదు.

కాబట్టి నన్నడిగితే అమెరికా బ్రిటన్‌ని కాపీ కొట్టక్కర్లేదు, అది జరిగే పని కూడా కాదు. 1945లో అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ బీమా ప్రతిపాదిస్తే డాక్టర్ల సంఘమే అడ్డం తిరిగింది. 2010లో ఒబామా చట్టం పాత జబ్బులున్నవాళ్లని కాదనకూడదన్న రూలు తెచ్చింది, అది పెద్ద మేలే. కానీ ధరల జోలికి పెద్దగా వెళ్లలేదు, బీమా తప్పనిసరి అన్న రూలుకి ఉన్న జరిమానాని కూడా 2019 నుంచి సున్నా చేసేశారు. మిగిలిన పని ధరలది. అందుకు యూరప్ దాకా కూడా పోనక్కర్లేదు. మేరీలాండ్ రాష్ట్రంలో 1970ల నుంచి ఆసుపత్రి రేట్లని ఒక కమిషన్ నిర్ణయిస్తోంది. ఒకే ఆసుపత్రిలో ఒకే వైద్యానికి ప్రైవేట్ బీమా కంపెనీ అయినా, పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా అయినా దాదాపు ఒకే రేటు కట్టాలి. అక్కడ ఆసుపత్రులేమీ మూతపడిపోలేదు.

లేఆఫ్ భయంతో ఇది చదువుతున్నవాళ్లకి ఒక సమాచారం. ఉద్యోగంతో వచ్చిన బీమా పోయాక 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఒబామా చట్టం కింద సొంతంగా బీమా కొనుక్కునే చోట, కొత్త బీమా తీసుకోవచ్చు, అందరికీ తలుపులు తెరిచే నవంబర్ దాకా ఆగక్కర్లేదు. కోబ్రా ఎంచుకోవడానికి కూడా 60 రోజుల గడువు ఉంటుంది, ఎంచుకుంటే పాత బీమా పోయిన రోజు నుంచే వర్తిస్తుంది, అప్పటినుంచి ప్రీమియం మాత్రం కట్టాలి. మా స్నేహితుడు రెండూ పోల్చి చూసి మార్కెట్‌ప్లేస్‌కే వెళ్లాడు, కాన్పు చేయాల్సిన ఆసుపత్రి కొత్త బీమా నెట్‌వర్క్‌లో (బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లో) ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కుని.