అమ్మ ఉబాల్లో నడుం వంచింది, నేను ఏసీలో కూర్చుని ఏడుస్తున్నానేటి?

విజయనగరం నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది, పేరు చెప్పొద్దంది, చెప్పను. వయసు 29, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో క్యూసీలో, అంటే మందు నాణ్యత పరీక్షించే విభాగంలో, ఎనలిస్ట్. పొద్దున్న ఆరున్నరకి కంపెనీ బస్సెక్కితే ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. నాలుగేళ్ల బాబు అత్తగారి దగ్గర ఉంటాడు. పొద్దున్న మీటింగ్‌లో మేనేజర్ అందరి ముందూ "నువ్వు చదువుకునే వచ్చావా" అంటాడట, రాత్రి పది దాటాక కూడా వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు, ఆ మోత వినగానే బాబు "అమ్మా, ఆఫీసొచ్చింది" అని ఫోన్ తీసుకెళ్లి దిండు కింద పెట్టేస్తాడట. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపులో నొప్పి మొదలవుతుంది. భర్త టీచరు, "మానీ, నా జీతంతో సరిపెడదాం" అంటున్నారు, తనకేమో మానాలని లేదు. చివర్లో ఇలా రాసింది: "మా అమ్మ ఉబాల్లో రోజంతా నీళ్లలో నిలబడి నాట్లేసేది మేడమ్, ఎప్పుడూ ఏడవలేదు. నేను ఏసీలో కూర్చుని ఏడుస్తున్నాను. నేనే బలహీనురాలినా?"

తల్లీ, ముందు ఆ చివరి మాట దగ్గరికే వస్తాను, మిగతా అన్నిటికన్నా నిన్ను లోపల తినేస్తున్నది అదే. మీ అమ్మ కష్టం చిన్నది కాదు, కూలి చాలక, నడుం పట్టేసి, ఏడవడానికి తీరిక లేక ఏడవలేదేమో కూడా, అది ఆవిడనే అడగాలి. కానీ ఒకటి చూడు, ఎండెక్కితే ఎప్పుడు నడుం ఎత్తాలో, గట్టు మీద కేరేజీ ఎప్పుడు విప్పాలో, పక్కావిడతో కబుర్లు చెప్పుకుంటూ వెయ్యాలో పాట పాడుకుంటూ వెయ్యాలో కొంతైనా ఆవిడ చేతిలో ఉండేది, సాయంత్రానికి ఎంత వేసిందో మడిలో కళ్లకి కనిపించేది, రాత్రి పది గంటలకి పొలం ఆవిడకి మెసేజ్ పెట్టలేదు. నీకు ఏ శాంపిల్ ముందు చెయ్యాలో, ఏ హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో కొలిచే మెషీన్) నీకు దొరుకుతుందో, బ్యాచ్ రిలీజ్ (తయారైన మందుని బయటికి వదలడం) ఎప్పుడో, ఏదీ నీ చేతిలో లేదు, లేటయితే మాట పడేది మాత్రం నువ్వే. 1979లో రాబర్ట్ కరాసెక్ అని ఒకాయన అమెరికాలో, స్వీడన్‌లో పనిచేసేవాళ్ల లెక్కలు తీసి చూపించింది సరిగ్గా ఇదే, పని బరువు ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చెయ్యాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్నచోట మనిషి ఎక్కువ నలిగిపోతాడని. కాబట్టి ఏసీకీ పొలానికీ పోలిక పెట్టి నిన్ను నువ్వు తిట్టుకోకు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్ గురించి రాసినప్పుడు కూడా దాన్ని జబ్బు అనలేదు, పనిచేసే చోట చాలాకాలం పేరుకుపోయిన ఒత్తిడిని సర్దకపోతే వచ్చే స్థితి అంది. మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద విరక్తి, నా వల్ల కావట్లేదు అనే భావన. మొదటిదీ మూడోదీ నీ ఉత్తరం నిండా ఉన్నాయి. రెండోది మాత్రం నాకు కనపడలేదు, "పీక్ నీట్‌గా వస్తే ఇప్పటికీ సంతోషమేస్తుంది మేడమ్" అని (పీక్ అంటే ఆ మెషీన్ గ్రాఫ్‌లో లేచే గీత) నువ్వే రాశావు కదా. ఆ ఒక్క వాక్యం చూసే నేను ఇప్పుడే మానెయ్యి అనట్లేదు. నీకు పని నచ్చుతోంది, ఆ పని చేయిస్తున్న తీరే పడట్లేదు.

ఇంకో సంగతి రాశావు, చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. స్టాండర్డ్ (శాంపిల్‌ని పోల్చి చూసే ద్రావణం) తయారుచేసేటప్పుడు 50 ఎంఎల్ ఫ్లాస్క్ బదులు 100 ఎంఎల్‌ది తీసుకున్నావు, మెషీన్‌లోకి ఇంజెక్ట్ చేశాక గాని తెలియలేదు, చెప్పడానికి భయమేసి అరగంట బాత్రూంలో కూర్చుని తర్వాత వెళ్లి చెప్పావు, అందరి ముందూ తిట్లు పడ్డాయి. తర్వాత నెలలో ఒక జూనియర్ అలాంటి తప్పే చేసి నీ ఒక్కదానికే చెప్పి ఏడ్చాడు, పైకి చెప్పలేదు. చూడమ్మా, ఇది మీ ఇద్దరి బాధ మాత్రమే కాదు, అక్కడ తయారయ్యేది మనుషులు మింగే మందు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసరు 1990లలో ఆస్పత్రుల్లో నర్సుల టీములని పరిశీలించినప్పుడు, మంచి టీముల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే అక్కడే ఎక్కువ నమోదయ్యాయి, ఏంటా అని చూస్తే వాళ్లు తప్పుని తప్పని ధైర్యంగా చెప్పుకుంటున్నారు, మిగతాచోట్ల దాచేస్తున్నారు. నువ్వు అరగంట తర్వాతైనా లేచి వెళ్లి చెప్పావే, అది బలహీనురాలు చేసే పని కాదు. ఆ జూనియర్‌ని మాత్రం అలా వదిలెయ్యకు, పక్కన నిలబడి నువ్వే తీసుకెళ్లి డీవియేషన్ (జరిగిన తప్పుని రికార్డులో రాయడం) రాయించు.

ఇక చెయ్యాల్సింది. ఒక పదిరోజులు చిన్న నోట్‌బుక్ పెట్టుకో, ఏ రోజు ఏ టైంకి మెసేజ్ వచ్చింది, మీటింగ్‌లో ఏమన్నారు, ఆ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, అంతే, రెండేసి లైన్లు. ఆ తర్వాత ఆడిట్ గొడవ లేని రోజు చూసుకుని మేనేజర్‌ని పది నిమిషాలు అడుగు. "మీరు నన్ను అవమానిస్తున్నారు" అని మొదలుపెడితే ఆయన వెంటనే తన వైపు వాదన ఎత్తుకుంటాడు, మాట అక్కడే ఆగిపోతుంది. పని గురించి అడుగు. "సార్, నా తప్పు ఉంటే క్యాబిన్‌లో చెప్పండి, వెంటనే సరిచేసుకుంటాను. అందరి ముందు అన్నప్పుడు ఆ రోజంతా చెయ్యి వణుకుతోంది, తప్పులు పెరుగుతున్నాయి. రాత్రి తొమ్మిది తర్వాత అర్జెంట్ అయితే ఫోన్ చెయ్యండి, గ్రూపులో పెట్టినవి పొద్దున్న చూస్తాను. ఏ శాంపిల్ ముందో సాయంత్రమే చెప్పేస్తే నేను ప్లాన్ చేసుకుంటాను." ఈ మూడే. అద్దం ముందు రెండుసార్లు అనుకుని వెళ్లు, వచ్చాక అదే మాట మర్యాదగా ఒక మెయిల్ పెట్టు. ఆయన మీదా పైనుంచి ఒత్తిడి ఉండే ఉంటుంది, అది అర్థం చేసుకో, కానీ దానికి బదులు నువ్వు పడక్కర్లేదు. నెల రోజుల్లో ఏ మార్పూ లేకపోతే నోట్‌బుక్ పట్టుకుని హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లు, ఒంటరిగా వద్దు, ఇంకొకరిని తోడు తీసుకెళ్లు.

మీ కంపెనీలో ఒత్తిడి తగ్గించడానికని వీక్లీ ఆఫ్ రోజున యోగా క్లాసు పెట్టి అందరినీ రమ్మన్నారని రాశావు. యోగా మంచిదే, కానీ సెలవు తీసేసుకుని ఇచ్చే యోగాతో ఏం తగ్గుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లో పని తీరు మార్చమని, మేనేజర్లకి శిక్షణ ఇవ్వమని కూడా ఉంది. హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు ఈ ముక్క వాడుకో. వారానికి 48 గంటలు, దాటితే డబుల్ రేటుకి ఓటీ అనేది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్న మాట, నీ పే స్లిప్ ఒకసారి తీసి చూసుకో. మాటలు ఎప్పుడైనా ఆడదానిగా నిన్ను వెకిలిగా అనేదాకా వెళ్తే అది వేరే సంగతి, పదిమంది గాని అంతకన్నా ఎక్కువమంది గాని పనిచేసే ప్రతిచోటా, పనిచేసేచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులని ఆపే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, అక్కడికి వెళ్లు.

మీ ఆయన విషయం. "మానీ" అనేది ఆయనకి కోపం వచ్చి అనట్లేదు, నువ్వు ఏడుస్తుంటే చూడలేక అంటున్నారు. కానీ నీకు అది "నీ ఉద్యోగం అంత ముఖ్యం కాదు" అన్నట్టు వినిపిస్తోంది, అందుకే గొడవ. నేనూ చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసులో ఇలాగే నలిగిపోయిన రోజుల్లో ఇంటికొచ్చి ఏం చెప్పినా మావారు వెంటనే పరిష్కారం చెప్పేసేవారు, ఒకరోజు "ఇవాళ ఊరికే వినండి" అన్నాను, విన్నారు, ఆ రాత్రి పడుకున్నట్టు అంతకుముందు నెలలో పడుకోలేదు. నువ్వూ అడుగు. నాలుగు నెలలు టైం పెట్టుకోండి ఇద్దరూ కలిసి, ఈలోపు బయట కూడా అప్లై చెయ్యి, ఆ చుట్టుపక్కలే కంపెనీలు ఉన్నాయి, చేతిలో ఆఫర్ పెట్టుకుని మానడం వేరు, ఏడుస్తూ మానడం వేరు.

కడుపునొప్పి, నిద్రలేమి మాత్రం ఒత్తిడే అని వదిలెయ్యకు, ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించుకో. రెండు వారాలు దాటి దేని మీదా మనసు పోకపోయినా, ఎందుకీ బతుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆగకుండా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లు, మీ ఊళ్లో సర్వజన ఆస్పత్రి ఉంది, అర్ధరాత్రయినా 14416కి చెయ్యి, టెలి మానస్ అది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఇవాళ రాత్రికి ఒక్కటి చెయ్యి. తొమ్మిదవగానే ఫోన్ సైలెంట్‌లో పెట్టి, బాబు దాచేలోపు నువ్వే వాడి చేతికిచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టి రమ్మను. పదిరోజులయ్యాక నోట్‌బుక్‌లో ఏం రాశావో నాకు పంపు, చదువుతాను.