కారులో జీపీఎస్ చెప్పిన దారిని ఎంతవరకు నమ్మవచ్చు?

కారులో నావిగేషన్ వాడటం వల్ల నిజంగా లాభం ఉందా, లేక దారిలో మనుషులను అడుగుతూ వెళ్లడమే మేలా అని అడిగారు. పన్నెండేళ్లుగా కారు నడుపుతున్నాను. తప్పక వాడండి అనే చెబుతాను. అయితే బండి కదలకముందే ఆ దారిని మొదలు నుంచి చివరి వరకు తెర మీద వేలితో జరుపుతూ ఒక్కసారి చూసుకోండి. ఆ పని చేయనందుకే ఒక శ్రావణమాసంలో అమ్మానాన్నలతో గోదావరి ఒడ్డున నిలబడిపోయాను.

ఆ రోజు భీమవరం నుంచి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి బయలుదేరాం. ఫోనులో ఊరి పేరు కొట్టి, అది చూపిన మొదటి దారినే ఎంచుకున్నాను. పాలకొల్లు దాటి దిగమర్రు చేరినప్పుడు, ఎడమకు తిరిగి చించినాడ వంతెన మీదుగా పోదామని నాన్నగారు అన్నారు. మ్యాప్ నరసాపురం మీదుగానే దగ్గరంటోందని చెప్పి నేరుగా పోనిచ్చాను. నరసాపురం సందుల్లో ఒక్క మలుపూ తప్పకుండా నడిపించి, ఆ గొంతు మమ్మల్ని మాధవాయిపాలెం రేవులో దించింది. తెర మీద మా దారి గీత నీళ్లలోకి దిగి అవతల సఖినేటిపల్లిలో గట్టెక్కుతోంది. ఎదురుగా వశిష్ఠ గోదావరి ఎర్రగా, ఒడ్డు నిండా పారుతోంది. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకుపోతోంది. మనుషులను, బండ్లను నది దాటించే పంటు ఒడ్డునే కట్టేసి ఉంది. టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన మా కారు చూడగానే విషయం గ్రహించి, "వరదండి బాబూ, పంటు ఆపేసి మూడు రోజులైంది. వెనక్కెళ్లి చించినాడ వంతెనెక్కెయ్యండి" అన్నారు. మళ్లీ దిగమర్రు వచ్చి, చించినాడ, దిండి, మలికిపురం మీదుగా తిరిగి వెళ్లేసరికి, ఉదయం దర్శనం అనుకున్నది సాయంత్రానికి గాని కాలేదు. నాన్నగారు ఒక్క మాటా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మ్యాప్ అబద్ధం చెప్పలేదు. పంటు మీద కార్లు దాటించడం అక్కడ మామూలే, వరద లేని రోజుల్లో అదే దగ్గర దారి. అసలు మనం అంతా కలిపి జీపీఎస్ అంటున్నది మూడు వేర్వేరు పనులు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, మనం ఎక్కడున్నామో పరికరం లెక్క కడుతుంది. ఆ చోట ఏ రోడ్డుందో మ్యాప్ చెబుతుంది. ఆ రోడ్డు ఈ రోజు తెరిచి ఉందా అన్నది మాత్రం ఎవరో ఒకరు తెలియజేస్తేనే అందులోకి ఎక్కుతుంది. మొదటి దాన్ని చాలావరకు నమ్మండి, మూడోదాన్ని మనుషులను అడగండి. మొదటి దానిలోనూ కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి, హైదరాబాదులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి చోట మనం పైనున్నామో కింద రోడ్డు మీద ఉన్నామో అది ఒక్కోసారి పోల్చుకోలేదు. శ్రీశైలం వెళ్లేవారు నల్లమలలో ఫోన్ సిగ్నల్ పోతుందని ముందే మ్యాప్‌ను డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఉపగ్రహ సంకేతానికి ఇంటర్నెట్‌తో పని లేదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర వాహనాలను వదలరన్నది కూడా ఇంట్లోనే తెలుసుకుని బయలుదేరవలసిన విషయం.

ఇంత చెప్పినా, నావిగేషన్ లేకుండా కొత్త ఊరికి వెళ్లను. హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద దిగవలసిన ఎగ్జిట్ దాటిపోతే మళ్లీ వెనక్కి రావడానికి చాలా దూరం పోవాలి. వానలో, రాత్రిపూట, బోర్డులు వెతుక్కోకుండా కళ్లు రోడ్డు మీదే ఉంచి చెవితో వింటూ పోగలగడమే నా దృష్టిలో దీని అసలు మేలు. అందుకే ఫోనును స్టాండులో, అద్దంలో చూపుకు అడ్డురాని చోట బిగించి, గొంతు పెంచి పెట్టుకోండి. 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం, నడుపుతూ ఫోను వాడటం దారి చూసుకోవడానికి మాత్రమే చెల్లుతుంది, అదీ ఏకాగ్రత చెడకుండా. గమ్యం మార్చాలంటే పక్కకు ఆపండి.

శుభకార్యాలకు పిలిచేవారికి కూడా ఒక విన్నపం: బస్టాండు దగ్గరికొచ్చి ఫోన్ చెయ్యండి అనకుండా లొకేషన్ పంపండి, పంపలేకపోతే మండలం పేరైనా రాయండి. కొత్తపల్లి, రామాపురం అన్న పేర్లతో మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఊళ్లున్నాయి, ఫోను వాటిలో దేన్నైనా చూపవచ్చు.

టోల్ రోడ్లు వద్దు అనే ఎంపిక పక్కనే ఫెర్రీలు వద్దు అనేదీ ఉంటుందని ఆ రేవులో నిలబడే చూశాను. గోదావరికి వరదలొచ్చే నెలల్లో దాన్ని పెట్టి ఉంచుతాను. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు తీసేస్తాను, ఎందుకంటే పంటు మీద కారు దిగి రెయిలింగు పట్టుకుని గోదావరిని చూస్తూ దాటడం నాన్నగారికి ఇష్టం.